పండగ ఆఫర్ల మెయిల్ పంపేముందు చూసుకోవాల్సినవి

దసరా, దీపావళి మెయిళ్లు తయారవుతున్నాయా? ఒకసారి వెళ్లిన మెయిల్‌ను వెనక్కి తెచ్చుకోలేం. సెండ్ నొక్కేలోపు ఇవి చూడండి.

• ఎన్‌కోడింగ్ (అక్షరాలను కంప్యూటర్ కోడ్‌గా మార్చే పద్ధతి) యూటీఎఫ్-8 అని మెయిల్ హెడర్‌లోనే, అంటే మెయిల్‌తో పాటు వెళ్లే వివరాల భాగంలోనే ఉండాలి. హెచ్‌టీఎంఎల్ (మెయిల్ రూపాన్ని రాసే కోడ్) లోపల మెటా ట్యాగ్‌లో రాసి ఊరుకుంటే చాలదు. ఇది తప్పితే తెలుగంతా ప్రశ్నార్థకాలో, పిచ్చి గుర్తులో అయిపోతుంది. ఇంతకంటే పెద్ద నష్టం లేదు.

• హెచ్‌టీఎంఎల్ 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరిస్తుంది. అడుగున ఉండే అన్‌సబ్‌స్క్రైబ్ (ఇక మెయిళ్లు వద్దనే) లింకు కనబడక జనం స్పామ్ అని నొక్కేస్తారు. తెలుగుకు ఇది ఇంకా ముఖ్యం: ఇంగ్లిష్ అక్షరానికి 1 బైటు సరిపోతే, మన ‘స్త్రీ’ ఒక్కదానికే 18 బైట్లు. వర్డ్ నుంచి నేరుగా పేస్ట్ చేస్తే అనవసరపు కోడ్ కూడా వచ్చి చేరుతుంది.

• విండోస్ క్లాసిక్ ఔట్‌లుక్ 2007 నుంచి వర్డ్ ఇంజిన్‌తోనే మెయిల్ చూపిస్తోంది. వెబ్ పేజీలు అమర్చే ఫ్లెక్స్, గ్రిడ్ పద్ధతులు అక్కడ పనిచేయవు. టేబుల్‌తో కట్టండి. బొమ్మ వెడల్పు ఆ బొమ్మ ట్యాగ్‌లోని విడ్త్ ఆట్రిబ్యూట్‌లో ఇవ్వండి, లేదంటే బొమ్మ అసలు సైజులో వచ్చి లేఅవుట్ చెదిరిపోతుంది.

• లైన్ హైట్ (వరుసల మధ్య ఎడం) మరీ బిగించొద్దు. ఇంగ్లిష్ టెంప్లేట్‌లో తెలుగు పోస్తే ఒత్తులు తెగేది ఇక్కడే.

• ధర, తేదీ బొమ్మలో మాత్రమే పెట్టొద్దు. బొమ్మలు బ్లాక్ చేసుకున్నవాళ్లకు ఖాళీ డబ్బా కనిపిస్తుంది.

• ఎస్‌వీజీ ఫార్మాట్ లోగో వద్దు, పీఎన్‌జీ ఫార్మాట్ వాడండి. జీమెయిల్‌లో ఎస్‌వీజీ రాదు.

• టెస్ట్ మెయిల్ ఫోన్‌లో డార్క్ మోడ్ పెట్టి కూడా తెరవండి. పారదర్శక లోగోలో నల్లక్షరాలు అక్కడ మాయమవుతాయి.