అమ్మమ్మ సామాన్లతో చీరకట్టు శిల్పం ఎలా చేయాలి?

అమ్మమ్మ పోయాక ట్రంకుపెట్టె తెరిస్తే రెండు నేత చీరలు, తాళాల గుత్తి, గాజులు, దారంతో కట్టిన ఇన్లాండ్ లెటర్లు, చిన్న గుడ్డలో మూటగట్టిన పావలాలు కనిపించాయి. పంచుకుంటే తలా ఒకటి వస్తుంది, మళ్ళీ ఎవరి బీరువాలోనో మూలన పడుతుంది. నాకు మనసొప్పలేదు. అన్నీ కలిపి ఆమె చీర కట్టుకుని నిలబడ్డట్టు ఒక శిల్పం చేశాను. లోపల మనిషి ఉండదు, చీరా రవికా మాత్రమే నిలబడి ఉంటాయి. రోజుకో గంట పెట్టుకుంటే రెండు మూడు వారాల్లో మీరూ చేయొచ్చు.

1. వస్తువులు ఎంచుకోండి

ఒక్క మనిషివే తీసుకోండి. తాతయ్య చుట్టల పెట్టె ఎంత బాగున్నా ఇందులో కలపొద్దు. ఇంట్లో అందరినీ అడిగాకే మొదలుపెట్టండి. ఒక్కో వస్తువుకీ ఫోటో తీసి, అది ఎప్పుడూ ఎక్కడ ఉండేదో పక్కన రాసుకోండి. తాళాల గుత్తి కుడివైపు దోపుకునేదని నా గుర్తు. ‘కాదు, ఎడమవైపు’ అంది పిన్ని. పాత ఫోటో తీసి చూస్తే పిన్ని మాటే నిజం. శిల్పంలో ప్రతి వస్తువూ ఆమె పెట్టుకున్న చోటే ఉండాలి. ఇది పాటిస్తే వేరే అలంకారం అక్కర్లేదు.

2. నిలబెట్టే ఏర్పాటు

పాడైన స్టాండు ఫ్యాను ఉంటే మోటారు, రెక్కలు, కరెంటు వైరు తీసేసి గొట్టం, జాలీ, అడుగుభాగం ఉంచుకోండి. తడి చీర బరువుకి అది ఒరిగిపోతుంది. మా ఇంట్లో తిరగలి పై రాయి ఉంది. గింజలు పోసే రంధ్రంలోంచి ఫ్యాను గొట్టం సరిగ్గా పట్టింది. ఇద్దరు పట్టుకుని దింపండి. తిరగలి లేకపోతే ఇసుక సంచి చాలు.

ఫ్యాను జాలీని అడ్డంగా, తుంటి ఎత్తులో గొట్టానికి కట్టండి. దాని చుట్టూ మేస్త్రీలు ప్లాస్టరింగ్‌కి వాడే చికెన్ మెష్ చుట్టి, బైండింగ్ వైరుతో బిగించండి. భుజాలు, చేతుల కొలతలు ఆమె పాత రవిక నుంచి తీసుకోండి. మెష్ అంచులు చేతులు కోసేస్తాయి, గ్లౌజులు వేసుకోండి.

3. రవిక

కప్పు మైదాని నాలుగైదు కప్పుల నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, జిగురయ్యేదాకా ఉడికించండి. పురుగు పట్టకుండా పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్ళు ఇందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలున్న ఇంట్లో వద్దు. న్యూస్‌పేపర్ ముక్కలు జిగురులో ముంచి, రవిక ఆకారంలో మెష్ మీద నాలుగు పొరలు వేయండి. ఒకటి ఆరాకే ఇంకొకటి.

పైపొర ఉత్తరాలది. ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. తొందరలో అసలు ఉత్తరమే అంటించాను. ‘చిరంజీవి’ అన్న మాట కళ్ళముందే నీలంగా కరిగి కారిపోయింది. ఆ ఉత్తరం ఇక రాదు. దయచేసి జిరాక్సులే వాడండి. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ మీద తీసినవీ తడికి అలికిపోతాయి.

4. చీర

నేత చీరే తీసుకోండి. పాత పట్టు మడతల దగ్గర చిట్లిపోతుంది, దాన్ని తడపొద్దు. ముందు పొడి చీరతోనే ఒకసారి కట్టి, కుచ్చిళ్ళు ఎన్ని వచ్చాయో ఫోటో తీసుకోండి. తర్వాత ఒక వంతు ఫెవికాల్, రెండు వంతుల నీళ్ళు కలిపి, కొంగు చివర జానెడు వదిలేసి మిగతా చీరంతా తడిపి పిండి కట్టండి. కుచ్చిళ్ళకి బట్టల క్లిప్పులు పెట్టండి. సగం ఆరగానే తీసేయాలి, లేదంటే అచ్చులు పడతాయి. నీడలో రెండు రోజులు ఆరనివ్వండి. వానాకాలం ఈ పని పెట్టుకోకండి.

5. సామాన్లు కట్టడం

దేన్నీ అంటించకండి, కట్టండి. ఘానాలో పుట్టి నైజీరియాలో పనిచేసిన శిల్పి ఎల్ అనట్సుయి సీసాల మూతల్ని రాగి తీగతో కలిపి గోడంత వస్త్రాలు చేశాడు. అలాంటి సన్న తీగే మనకీ చాలు. రేపు ఎవరైనా అడిగితే విప్పి ఇవ్వొచ్చు. ఇత్తడి తాళాల్ని చింతపండుతో తోమి బాగా ఆరబెట్టండి. తడి ఉంటే చిలుము చీరకి అంటుతుంది. గాజుల్ని చేతుల చివర దారంతో వేలాడదీయండి, కొంచెం గాలికే గలగలమంటాయి.

చివరగా పావలాలు. 2011 జూన్ 30 నుంచి అవి చెల్లడం లేదు. అయినా వాటికి రంధ్రాలు చేయకండి. అమ్మమ్మలాగే కొంగు చివర పెట్టి ముడేయండి. చీర తడిపేటప్పుడు ఆ జానెడు వదిలేసింది ఇందుకే. పిల్లలు వచ్చినప్పుడు విప్పి లెక్కపెట్టుకుని, మళ్ళీ ముడేసుకునేలా మెత్తగా ఉండాలి.