టార్ కమాండ్‌తో ఫైళ్లను మూటకట్టడం, కుదించడం

వందలాది ఫైళ్లున్న ఒక ఫోల్డర్‌ను వేరే కంప్యూటర్‌కు పంపవలసి వచ్చినప్పుడు నిజానికి మనం చేసేవి రెండు పనులు. మొదటిది, ఆ ఫైళ్ల పేర్లూ తేదీలూ అనుమతులూ లోపలి ఫోల్డర్ల అమరికా చెదరకుండా అన్నిటినీ ఒకే ఫైలుగా మూటకట్టడం. రెండవది, ఆ మూటను కుదించి చిన్నది చేయడం. జిప్‌కు అలవాటుపడినవారికి ఈ రెండూ ఒకటే పనిగా కనిపిస్తాయి. లినక్స్‌కు మాతృక వంటి పాత ఆపరేటింగ్ సిస్టమ్ యూనిక్స్ సంప్రదాయంలో మాత్రం ఇవి విడివిడి పనులు: టార్ మూట కడుతుంది, అంతే, కుదించే బాధ్యత జీజిప్, ఎక్స్‌జెడ్ వంటి వేరే ప్రోగ్రాములది. టార్ ఆప్షన్లను చూసి బెదిరిపోయేవారు సాధారణంగా ఈ విభజనను గమనించనివారే. ఇది తెలిస్తే బట్టీ పట్టవలసింది చాలా కొంచెం.

టార్ అనే పేరు ‘టేప్ ఆర్కైవ్’ అన్న మాటలను కలిపి కుదించినది. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడవ వెర్షన్‌తో ఇది వాడుకలోకి వచ్చింది. అప్పట్లో బ్యాకప్‌లు అయస్కాంత టేపుల మీద ఉండేవి కనుక, మొదటి నుంచి చివరి వరకు వరుసగా రాయడానికీ, అదే వరుసలో చదవడానికీ వీలుగా దీనిని రూపొందించారు. ఆ పుట్టుక లక్షణం ఇప్పటికీ పోలేదు: టార్ ఫైలులో విషయసూచిక వంటిది ఉండదు. ఒక్కో ఫైలుకు ముందు 512 బైట్ల శీర్షిక, దాని వెనుక ఆ ఫైలు సమాచారం, ఆ తరువాత మరో శీర్షిక, ఇలా సాగిపోతుంది. నేడు లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఇది సిద్ధంగా దొరుకుతుంది; 2018 నుంచి విండోస్ 10లో కూడా ఉంది. నేను వివరించేది లినక్స్‌లో ఉండే గ్నూ టార్‌ను గురించి. మిగతాచోట్ల ఒకటి రెండు ఆప్షన్లు తప్ప తేడా ఉండదు.

కింది ఆదేశాలను పలికే తీరులోనే తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో కమాండ్ పేరునూ ఆప్షన్లనూ ఇంగ్లిషు చిన్న అక్షరాలలో కొట్టాలి. పెద్ద అక్షరం కావలసిన చోట ఆ విషయం ప్రత్యేకంగా చెబుతాను. ఫోల్డర్ పేరు మాత్రం తెలుగులో ఉన్నా టార్‌కు అభ్యంతరం లేదు.

‘లెక్కలు’ అనే ఫోల్డర్‌ను మూటకట్టి, జీజిప్‌తో కుదించే ఆదేశం ఇది:

టార్ -సిజెడ్ఎఫ్ లెక్కలు.టార్.జిజెడ్ లెక్కలు

ఇక్కడ ‘సి’ అంటే కొత్త ఆర్కైవ్, అంటే మూట ఫైలు, సృష్టించమని, ‘జెడ్’ అంటే జీజిప్‌తో కుదించమని, ‘ఎఫ్’ అంటే దాని వెనుకనే వచ్చే పేరుతో ఫైలు రాయమని అర్థం. ‘జెడ్’ తీసివేస్తే కుదింపు లేని ఉత్త మూట తయారవుతుంది. ఏ ఫైలు లోపలికి వెళుతున్నదో చూడాలనుకుంటే ‘వి’ కూడా చేర్చవచ్చు. అయితే వేల ఫైళ్లు ఉన్నప్పుడు ఆ పేర్ల ప్రవాహంలో ఒక ముఖ్యమైన హెచ్చరిక కొట్టుకుపోయే ప్రమాదం ఉంది కనుక నేను దానిని వాడను.

అక్షరాల వరుసలో ‘ఎఫ్’ చివర ఉండాలన్నది ఖచ్చితంగా పాటించవలసిన నియమం. ‘-సిఎఫ్‌జెడ్’ అని రాస్తే, ‘ఎఫ్’ తరువాత ఉన్న ‘జెడ్’నే టార్ ఆర్కైవ్ పేరుగా తీసుకుంటుంది, ‘జెడ్’ అనే పేరుతో, కుదింపు ఏమీ లేని ఒక మూటను తయారుచేసి, మీరు ఆర్కైవ్‌కు పెట్టదలచిన పేరును లోపల చేర్చవలసిన ఫైలుగా భావించి, అటువంటి ఫైలు లేదని ఫిర్యాదు చేస్తుంది. విచిత్రమేమిటంటే, ముందున్న అడ్డగీత తీసివేసి ‘సిఎఫ్‌జెడ్’ అని రాస్తే అదే ఆదేశం సరిగానే పనిచేస్తుంది, ఎందుకంటే పాతకాలపు ఆ పద్ధతిలో అక్షరాలన్నీ ముందు చదివి, పేర్లను ఆ తరువాత తీసుకుంటుంది. కొందరికి అడ్డగీత లేకుండా రాసే అలవాటు ఉండడం వల్ల, వారి ఆదేశాలను చూసి నేర్చుకున్నవారు అడ్డగీత చేర్చినప్పుడు తికమకపడతారు.

ఇంతకంటే పెద్ద ప్రమాదం ఆర్కైవ్ పేరు మరచిపోవడం. ఒకసారి నేను రెండు టెక్స్ట్ ఫైళ్లను మూటకట్టబోయి, తొందరలో ఆర్కైవ్ పేరు రాయకుండా ‘ఎఫ్’ పక్కన నేరుగా ఆ రెండు ఫైళ్ల పేర్లూ కొట్టాను. టార్ మొదటి పేరును ఆర్కైవ్ పేరుగా తీసుకుని, ఆ ఫైలులో ఉన్నదంతా చెరిపి, రెండవ ఫైలును దానిలో మూటకట్టింది. అడగలేదు, హెచ్చరించలేదు. నెల రోజుల జమాఖర్చులు మళ్లీ ఎక్కించుకోవలసి వచ్చింది. అదే టార్, ఏ ఫైళ్లను చేర్చాలో చెప్పకుండా ఆర్కైవ్ పేరు ఒక్కటే ఇస్తే మాత్రం, ‘ఖాళీ ఆర్కైవ్ సృష్టించడానికి పిరికిగా నిరాకరిస్తున్నాను’ అనే అర్థం వచ్చే సందేశం ఇచ్చి ఆగిపోతుంది. పిరికితనం చూపవలసిన చోటు ఏదో దానికి తెలియదని నాకు అప్పటి నుంచి ఒక చిన్న కోపం.

మూటలో ఏముందో విప్పకుండానే చూడడానికి ‘సి’ స్థానంలో ‘టి’ రాయాలి:

టార్ -టిఎఫ్ లెక్కలు.టార్.జిజెడ్

చదివేటప్పుడు కుదింపు రకాన్ని గ్నూ టార్ తానే గుర్తుపడుతుంది కనుక ‘జెడ్’ అవసరం లేదు. ఎవరైనా పంపిన ఆర్కైవ్‌ను విప్పే ముందు ఈ ఆదేశం తప్పక నడపాలని నా సలహా. పేర్లన్నీ ఒకే ఫోల్డర్‌తో మొదలవుతున్నాయో లేదో చూడండి. అలా కాకుండా విడి ఫైళ్లు వందలకొద్దీ కనిపిస్తే, విప్పిన క్షణంలో అవన్నీ మీరున్న ఫోల్డర్‌లో చెల్లాచెదురుగా పడతాయి. అదే పేరుతో అక్కడ ముందే ఉన్న మీ ఫైళ్ల స్థానంలో కొత్తవి వచ్చి కూర్చుంటాయి. అటువంటి మూట కోసం ముందుగా ఒక ఖాళీ ఫోల్డర్ సృష్టించుకుని, దానిలోనే విప్పాలి:

టార్ -ఎక్స్ఎఫ్ లెక్కలు.టార్.జిజెడ్ -సి కొత్తది

‘ఎక్స్’ విప్పమని చెబుతుంది. ఈ ఆదేశంలో చివరి ‘సి’ ఇంగ్లిషు పెద్ద అక్షరం. ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి పని చేయమని దాని అర్థం. ఆ ఫోల్డర్ ముందే ఉండాలి, టార్ దానిని సృష్టించదు. మూటలో నుంచి ఒక్క ఫైలే కావాలంటే, ‘టి’ జాబితాలో కనిపించిన పేరును అక్షరం పొల్లుపోకుండా ఆదేశం చివర చేర్చితే చాలు. అయితే విషయసూచిక లేదన్న సంగతి ఇక్కడ అనుభవానికి వస్తుంది: ఆ ఒక్క ఫైలు కోసం కూడా టార్ మూట చివరి వరకు ఒక్కో శీర్షికనూ చూసుకుంటూ పోతుంది, కుదించిన మూటైతే దానితోపాటు మొత్తం విప్పుకుంటూ వెళుతుంది.

ఒకే ఒక్క బైటు ఉన్న ఫైలును కుదింపు లేకుండా మూటకట్టి, దాని పరిమాణం చూడండి. 10,240 బైట్లు ఉంటుంది. శీర్షికకు 512, ఆ ఒక్క బైటును నింపిన బ్లాక్‌కు 512, ముగింపు గుర్తుగా రెండు ఖాళీ బ్లాక్‌లు, ఆపై టేపు లెక్క ప్రకారం 20 బ్లాక్‌లు పూర్తయ్యే వరకు సున్నాలు. జీజిప్‌కు ఈ సున్నాలు సులువైన ఆహారం; అదే మూటను కుదిస్తే రెండు వందల బైట్ల లోపుకు వస్తుంది. ఆ శీర్షికలో ఫైలు పేరుకు కేటాయించిన చోటు 100 బైట్లే. తెలుగు లిపిలో ఒక్కో హల్లూ, ఒక్కో గుణింతపు గుర్తూ, పొల్లు గుర్తూ విడివిడిగా మూడేసి బైట్లు తీసుకుంటాయి కనుక ‘లెక్కలు’ అనే చిన్న మాటకే 21 బైట్లు ఖర్చవుతాయి. నేటి టార్‌లు అదనపు శీర్షికలతో ఈ పరిమితిని దాటగలవు కాబట్టి పొడవాటి తెలుగు పేర్లకు భయపడనవసరం లేదు. మరీ పాత ప్రోగ్రాముతో విప్పవలసి ఉంటే మాత్రం పేర్లు పొట్టిగా ఉంచడం మంచిది.

ఏ కుదింపు ఎంచుకోవాలన్న ప్రశ్నకు నా సమాధానం: సందేహమున్నప్పుడు జీజిప్. 1992లో తొలిసారి విడుదలైన ఈ ప్రోగ్రాముతో కుదించిన ఫైలును విప్పలేని కంప్యూటర్ దాదాపుగా ఉండదు. దాని లోపం వేరేచోట ఉంది. జీజిప్ పునరావృతమైన సమాచారం కోసం వెనక్కు తిరిగి చూసేది 32 కిలోబైట్ల దూరం వరకే. ఒకే విధమైన రెండు పెద్ద ఫైళ్లు మూటలో ఒకదాని వెనుక ఒకటి ఉన్నా, మొదటిదానిలో ఉన్నదే రెండవదానిలోనూ ఉన్నదని అది గమనించలేదు. ఎక్స్‌జెడ్ మామూలు స్థాయిలోనే 8 మెగాబైట్ల దూరం వెనక్కు చూస్తుంది, తొమ్మిదవ స్థాయిలో 64 మెగాబైట్లు. అందుకే లాగ్ ఫైళ్లు, ప్రోగ్రాముల మూలరూపాలు వంటి వాటిని అది చాలా బాగా కుదిస్తుంది. అందుకు తగిన మూల్యం కూడా ఉంది: ఎక్కువ సమయం తీసుకుంటుంది, తొమ్మిదవ స్థాయిలో కుదించడానికి 674 మెగాబైట్ల మెమరీ కావాలి. ఒకసారి కుదించి ఎందరో విప్పుకునే ఫైలుకు ఈ ఖర్చు సమంజసమే. రోజూ చేసే బ్యాకప్‌కు కాదు. రోజువారీ బ్యాకప్‌కు 2016లో వచ్చిన జెడ్‌స్టాండర్డ్ నాకు నచ్చింది, ఎందుకంటే అది జీజిప్ కంటే వేగంగా పనిచేస్తూ, సాధారణంగా దానికంటే చిన్న ఫైలును ఇస్తుంది. బీజిప్2కు కూడా ఒక ఆప్షన్ ఉంది, చిన్న ‘జె’. కొత్త పనికి దానిని ఎంచుకోవడానికి నాకు కారణం కనిపించదు. పెద్ద ‘జె’ ఎక్స్‌జెడ్‌కు. ఈ అక్షరాలు గుర్తుండకపోతే వాటికి బదులు ‘ఏ’ రాసి, ఆర్కైవ్ పేరు చివర తగిన పొడిగింపు పెడితే, దానిని చూసి కుదింపు రకాన్ని టార్ తానే నిర్ణయించుకుంటుంది.

ఫోటోలు, వీడియోలు మాత్రం ఏ ప్రోగ్రాముతోనూ చెప్పుకోదగ్గంతగా తగ్గవు. అవి పుట్టుకతోనే కుదించినవి. వాటిని ఉత్త మూటగా కట్టడమే తెలివైన పని.

అక్కరలేని ఫైళ్లను వదిలివేయడానికి ఎక్స్‌క్లూడ్ అనే పొడవాటి ఆప్షన్ ఉంది:

టార్ -సిజెడ్ఎఫ్ లెక్కలు.టార్.జిజెడ్ --ఎక్స్‌క్లూడ్='*.టిఎంపి' లెక్కలు

దీనిని ఫోల్డర్ పేరుకు ముందే రాయాలి. నక్షత్రపు గుర్తున్న భాగాన్ని కొటేషన్ గుర్తుల మధ్య ఉంచకపోతే, టార్ చూడకముందే షెల్, అంటే టెర్మినల్‌లో మీ ఆదేశాన్ని ముందుగా చదివే ప్రోగ్రాము, దానిని తనకు తోచినట్లు విస్తరించవచ్చు. ఫోల్డర్‌ను మొదటి ఏటవాలు గీతతో సహా పూర్తి మార్గంగా ఇస్తే, ఆ గీతను పేర్ల నుంచి తొలగిస్తున్నానని టార్ ఒక సందేశం ఇస్తుంది. అది దోషం కాదు, రక్షణ. లేకపోతే విప్పేటప్పుడు ఫైళ్లు మీరు కోరిన చోటికి కాక, వాటి పాత స్థానానికే వెళ్లి అక్కడున్నవాటిని తుడిచివేసేవి. తయారుచేసే ఆర్కైవ్‌ను, మూటకడుతున్న ఫోల్డర్ లోపలే పెట్టవద్దు. ఇప్పటికే కుదించిన మూటకు కొత్త ఫైలు చేర్చడం కుదరదన్నది కూడా గుర్తుంచుకోవాలి; ‘ఆర్’ ఆప్షన్ ఉత్త మూటల మీదే పనిచేస్తుంది.

ఇక మిగిలింది పరీక్ష, చాలామంది వదిలివేసేది ఇదే. జీజిప్‌తో కుదించిన మూటలో నడుమ ఎక్కడో కొద్దిపాటి సమాచారం చెడిపోయినా, అక్కడి నుంచి చివరి వరకు ఉన్న ఫైళ్లన్నీ సాధారణంగా చేజారిపోయినట్లే. జిప్‌లో ఒక్కో ఫైలును విడిగా కుదిస్తారు కనుక నష్టం ఆ ఒక్క ఫైలుకే పరిమితమవుతుంది. అందుచేత అసలు ఫోల్డర్‌ను తొలగించబోయే ముందు మూటను దానితో పోల్చి చూడాలి. ఆర్కైవ్ తయారుచేసిన చోటునే నిలబడి, ఇలా అడగవచ్చు:

టార్ -డిఎఫ్ లెక్కలు.టార్.జిజెడ్

గ్నూ టార్‌లో ఉన్న ఈ ‘డి’ ఆప్షన్, మూటలోని ఒక్కో ఫైలును డిస్క్ మీద ఉన్న ఫైలుతో సరిచూసి, పరిమాణంలోనో తేదీలోనో లోపలి సమాచారంలోనో తేడా ఉంటే ఆ పేరు చెబుతుంది. మూటలోకి ఎక్కని ఫైళ్లను గురించి మాత్రం ఇది మాట్లాడదు కనుక, వాటి సంగతి ‘టి’ జాబితాలో చూసుకోవాలి. మూట కట్టిన తరువాత ఎవరైనా తెరిచి సేవ్ చేసిన ఫైలు ఒక్కటున్నా దాని పేరు ఇక్కడ బయటపడుతుంది. అప్పుడు మూటను మళ్లీ కట్టాలి. తేడా ఏమీ లేకపోతే తెర మీద ఒక్క అక్షరం కూడా రాదు, తరువాతి ఆదేశం కోసం ఎదురుచూసే గుర్తు (ప్రాంప్ట్) మాత్రమే మళ్లీ కనిపిస్తుంది.