గడ్డకట్టిన రోడ్డు మీద డ్రైవింగ్ – 3వ పాఠం: ఉన్న కాస్త పట్టుతోనే నడపడం

కిందటి రెండు పాఠాల్లో బండిని చలికి సిద్ధం చేసుకున్నాం. నాలుగు చక్రాలకీ చలికాలపు టైర్లు, ట్రెడ్ (టైరు మీది గాళ్ళ) లోతు కనీసం 4 మిల్లీమీటర్లు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసుకున్న గాలి, అన్ని అద్దాల మీదా పూర్తిగా గీకేసిన మంచు. ఇవన్నీ అయ్యాయనుకునే ఈ పాఠం రాస్తున్నాం. కాకపోయి ఉంటే ముందు ఆ పని ముగించండి. అరిగిన టైరుతో రోడ్డెక్కితే ఇక్కడ నేర్చుకున్న మెళకువ ఏదీ అక్కరకు రాదు.

అరచేయంత రబ్బరు

బండి ఎంత పెద్దదైనా ఒక్కో టైరు రోడ్డును తాకేది దాదాపు అరచేయంత మేర. వేగం అందుకోవడం, ఆగడం, మలుపు తిరగడం, మూడూ ఆ నాలుగు అరచేతుల పట్టుతోనే జరగాలి. ఆ పట్టు ఎంతో చెప్పే అంకెను ఘర్షణ గుణకం అంటారు. పొడి తారురోడ్డు మీద అది సుమారు 0.7 ఉంటుంది. బండ్లు నడిచి గట్టిపడిన మంచు మీద అది 0.2, 0.3 దగ్గరికి పడిపోతుంది. నున్నటి ఐస్ మీద 0.1. ఐస్ కరుగుతూ పైన నీటిపొర చేరితే అంతకంటే తక్కువ. మైనస్ 15లో కంటే సున్నా డిగ్రీల దగ్గరే ఐస్ ఎక్కువగా జారడానికి కారణం ఆ నీటిపొరే. చలి కాస్త విరిగిందని తేలిగ్గా తీసుకునే రోజే నిజానికి ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సిన రోజు.

ఈ గుణకాలు ఆగే దూరాన్ని ఎంత మారుస్తాయో చూడండి. గంటకు 50 కి.మీ. వేగంలో బ్రేక్ పట్టుకున్నాక పొడి రోడ్డు మీద బండి సుమారు 14 మీటర్లలో ఆగుతుంది. ఐస్ మీద అదే బండికి దాదాపు 100 మీటర్లు కావాలి. 30 కి.మీ. వేగంలో పొడి రోడ్డు మీద 5 మీటర్లు, ఐస్ మీద 35. 20 కి.మీ.లో ఐస్ మీద 16 మీటర్లు. మీరు ప్రమాదాన్ని గమనించి కాలు బ్రేక్ మీదికి తెచ్చేలోపు దొర్లిపోయే దూరం ఈ లెక్కల్లో లేదు. ఒక్క సెకను ఆలస్యమైనా 50 కి.మీ. వేగంలో అది మరో 14 మీటర్లు.

ఆగే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే వేగం రెండింతలైతే దూరం నాలుగింతలు. అందుకే 50 నుంచి 30కి దిగితే దూరం దాదాపు మూడో వంతుకు తగ్గిపోతుంది. ఐస్ మీద వేగం తగ్గించడాన్ని మించిన విద్య లేదు. కింద చెప్పేవన్నీ దాని తర్వాతే.

మలుపుల లెక్కా ఇంతే. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును పొడి రోడ్డు మీద 65 కి.మీ. దాకా తట్టుకునే బండి, ఐస్ మీద 25 దాటితే బయటికి జారిపోతుంది. ఆ 25 కూడా బ్రేక్ ముట్టుకోకుండా, గ్యాస్ (యాక్సిలరేటర్) పెంచకుండా తిరిగితేనే. పట్టు మొత్తం తిరగడానికే సరిపోతున్నప్పుడు బ్రేక్ వేస్తే టైరు రెండు పనులూ చేయలేదు, రెండూ వదిలేస్తుంది. ఈ పాఠం అంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది: ఒకసారికి ఒకే పని. తిన్నగా ఉన్నప్పుడే బ్రేక్ వేసి వేగం తగ్గించండి. బ్రేక్ వదిలాక స్టీరింగ్ తిప్పండి. బండి మళ్ళీ తిన్నగా అయ్యాక గ్యాస్ ఇవ్వండి.

రోడ్డును చదవడం

తెల్లగా కనిపించే మంచు కనీసం తన ఉనికి చెబుతుంది. అసలు చిక్కు బ్లాక్ ఐస్‌తో. పేరుకు నలుపే గానీ నిజానికి దానికి రంగు లేదు. గాజులా పలచగా ఉండి, కింద ఉన్న తారు నలుపును చూపిస్తుంది. చూసేవాళ్ళకు రోడ్డు తడిగా ఉందనిపిస్తుంది, అంతే.

తడికీ ఐస్‌కీ తేడా పట్టుకోవాలంటే ముందు వెళ్తున్న బండి వెనక చక్రాలను చూడండి. తడి రోడ్డు అయితే నీటి తుంపర లేస్తూ ఉంటుంది. రోడ్డు తడిగా మెరుస్తోంది, గాలి సున్నాకు దగ్గర్లో ఉంది, చక్రాల వెనక తుంపర మాత్రం లేదు అంటే ఆ మెరుపు నీటిది కాదు. రెండో గుర్తు చెవికి తెలుస్తుంది. టైర్ల కింద అప్పటిదాకా వినిపిస్తున్న గరగర, చిటపట హఠాత్తుగా ఆగిపోయి నిశ్శబ్దం అవుతుంది. మూడోది చేతికి తెలుస్తుంది. స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైపోతుంది. అటూ ఇటూ కొంచెం కదిపినా చక్రాల నుంచి ఎదురు ఒత్తిడి రాదు. ఇందులో ఏది తోచినా బ్రేక్ మీదికి కాలు పోనివ్వకండి. గ్యాస్ మెల్లగా వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, ఆ ముక్క దాటేదాకా ఓపిక పట్టండి. రేడియో ఆపేసి నడపమని చెప్పేది ఆ చప్పుడు తేడా వినడానికే.

బ్లాక్ ఐస్ ఎక్కడపడితే అక్కడ ఉండదు. వంతెనలు అన్నిటికంటే ముందు గడ్డకడతాయి. మామూలు రోడ్డుకు కింద నేల వేడి కొంత అందుతుంది, వంతెనకు పైనా కిందా చల్లగాలే. ఎండ పడని మలుపులు, చెట్ల నీడ, గోడల పక్క, పగలు కరిగిన మంచునీరు రోడ్డుకు అడ్డంగా పారే చోట్లు, ఇవన్నీ అనుమానించాల్సినవే. సిగ్నళ్ళ దగ్గర ఆగే బండ్లు అక్కడి మంచును కొద్దిగా కరిగిస్తాయి, బయల్దేరేటప్పుడు చక్రాలు గిర్రున తిరిగి దాన్ని నునుపు చేస్తాయి. అందుకే కూడళ్ళకు ముందున్న ఆఖరి 30, 40 మీటర్లు మిగతా రోడ్డు కంటే అధ్వానంగా ఉంటాయి.

డ్యాష్‌బోర్డు మీద 2 డిగ్రీలు చూపిస్తోంది కదా అని ధీమా వద్దు. అది కొలిచేది గాలిని, రోడ్డును కాదు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల తన వేడిని పైకి వదిలేసి గాలికంటే చల్లబడుతుంది. తెల్లవారుజామున, సూర్యోదయం ముందూ వెనకా రోడ్డు అన్నిటికంటే చల్లగా ఉండే సమయం. చాలా బండ్లలో 3, 4 డిగ్రీల దగ్గరే హెచ్చరిక గుర్తు వెలగడం ఇందుకే. ఉప్పు చల్లిన రోడ్డు అని కూడా నమ్మి కూర్చోవద్దు. మామూలు ఉప్పు మైనస్ 9 ప్రాంతం దిగాక మంచును కరిగించడంలో బాగా మందగిస్తుంది.

ముందు బండికీ మనకూ మధ్య పొడి రోడ్డు మీద 2 సెకన్లు వదిలేవాళ్ళు ఇక్కడ 10 సెకన్లు వదలాలి. దారి పక్క ఒక స్తంభాన్ని ముందు బండి దాటగానే లెక్క మొదలుపెట్టండి. పది లెక్కించేలోపు మీరు ఆ స్తంభం చేరితే మరీ దగ్గరగా ఉన్నట్టే. మధ్యలో ఎవరైనా దూరితే విసుక్కోకుండా మళ్ళీ వెనక్కి తగ్గండి.

బ్రేక్

బ్రేక్ వేసినప్పుడు చక్రం లాక్ అవకుండా, అంటే తిరగడం ఆగి జారకుండా చూసే ఏర్పాటును ఏబీఎస్ (ABS) అంటారు. మీ బండికి అది ఉందా లేదా అన్నది ముందే తెలిసి ఉండాలి. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద ఆ అక్షరాలు వెలిగి ఆరిపోతే ఉన్నట్టు. ఆరకుండా అలాగే వెలుగుతుంటే ఉన్నా పనిచేయనట్టు.

ఏబీఎస్ ఉంటే, అత్యవసరంలో పెడల్ గట్టిగా నొక్కి అలాగే పట్టుకోండి. కాలి కింద పెడల్ టకటకా కొట్టుకుంటుంది, కింద నుంచి గరగరమని చప్పుడు వస్తుంది. ఏదో విరిగిందని భయపడి చాలామంది సరిగ్గా అప్పుడే కాలు తీసేస్తారు. అది విరిగిన చప్పుడు కాదు. చక్రం లాక్ అవబోయిన ప్రతిసారీ బ్రేకును సెకనులో చాలాసార్లు వదిలి పడుతోందని అర్థం. చక్రం తిరుగుతూ ఉన్నంతవరకే స్టీరింగ్ మాట వింటుంది కాబట్టి బ్రేక్ పట్టే ఉంచి, కొద్దికొద్దిగా తిప్పుతూ అడ్డం తప్పించుకునే వీలు ఉంటుంది. ఐస్ మీద ఏబీఎస్ ఆగే దూరాన్ని అద్భుతంగా తగ్గిస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. లేని పట్టును అదీ పుట్టించలేదు.

ఏబీఎస్ లేకపోతే మడమ నేలకు ఆనించి, వేళ్ళ కింది భాగంతో పెడల్ నొక్కండి. చక్రం లాక్ అయి జారడం తెలియగానే కొంచెం వదిలి, మళ్ళీ నొక్కండి. కాలు మొత్తం ఎత్తి దభీమని వేస్తే ఈ సున్నితం రాదు.

గేరు తగ్గించి ఇంజిన్‌తో వేగం తగ్గించడం మంచి పద్ధతే. కాకపోతే ఒక్కో గేరే దిగాలి, క్లచ్ మెల్లగా వదలాలి. నాలుగు నుంచి రెండుకు దించి క్లచ్ ఒక్కసారి వదిలితే ఇంజిన్ లాగే చక్రాలు బ్రేక్ పడ్డట్టే జారిపోతాయి. అవి వెనక చక్రాలైతే బండి వెనక భాగం పక్కకు తిరుగుతుంది. ఎలక్ట్రిక్ బండిలో కాలు తీయగానే మోటారు గట్టిగా పట్టుకునే సెట్టింగ్ ఉంటే, అదే చిక్కు. ఐస్ ఉన్న రోజు దాన్ని తక్కువలో పెట్టుకోండి. వేగాన్ని తనంతట తానే నిలిపి ఉంచే క్రూయిజ్ కంట్రోల్ అసలు వాడొద్దు.

జారడం మొదలైతే

జారుడు రెండు రకాలు. రెండింటికీ మందు వేరు కాబట్టి ముందు ఏది జారుతోందో గుర్తుపట్టాలి.

ముందు చక్రాలు జారితే, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు, తిన్నగా దూసుకుపోతుంది. చేతులు సహజంగా ఇంకా ఎక్కువ తిప్పుతాయి. అదే తప్పు. జారుతున్న చక్రాన్ని ఎంత అడ్డంగా పెడితే అంతగా అది రోడ్డును గీరుకుంటూ పోతుంది తప్ప దారి పట్టదు. పైగా పొడి ముక్క తగిలి పట్టు దొరికిన క్షణంలో, చక్రాలు ఎటు చూస్తుంటే బండి అటు ఎగిరినట్టు దూకుతుంది, అంటే ఎదురు వరసలోకి. కాబట్టి గ్యాస్ వదిలి, స్టీరింగ్‌ను కాస్త వెనక్కి, తిన్నగా అయ్యే వైపు తేండి. వేగం తగ్గి చక్రం మళ్ళీ పట్టగానే చేతికి బరువు తెలుస్తుంది. అప్పుడు మళ్ళీ నిదానంగా తిప్పండి. మనసుకు ఎదురీదాల్సిన పని ఇది, అందుకే చదివితే చాలదు, సాధన చేయాలి.

వెనక చక్రాలు జారితే, బండి తోక పక్కకు తిరుగుతుంది. కాలు గ్యాస్ మీద నుంచి తీయండి, మాన్యువల్ బండి అయితే క్లచ్ నొక్కండి. తోక కుడికి జారితే స్టీరింగ్ కుడికి, ఎడమకు జారితే ఎడమకు. తికమక అనిపిస్తే చూపును నమ్ముకోండి. మీరు వెళ్ళాల్సిన దారి చివరను చూస్తూ ఉంటే చేతులు అటే తిప్పుతాయి. పక్కనున్న స్తంభాన్ని చూస్తే స్తంభం వైపే పోతారు. బండి సర్దుకోవడం మొదలవగానే స్టీరింగ్ వెంటనే తిన్నగా తెచ్చేయాలి. ఆలస్యమైతే తోక రెండో వైపుకు కొరడాలా విసురుతుంది, ఆ రెండో జారుడు మొదటిదానికంటే పెద్దది. స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న బండి ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేసి దీన్ని చాలావరకు ఆపుతుంది. రోడ్డు మీద ఉన్నంతసేపు దాన్ని ఆపేయకండి. బండి పూర్తిగా గిర్రున తిరిగిపోతే ఇక దిద్దే ప్రయత్నం మాని, క్లచ్, బ్రేక్ రెండూ గట్టిగా నొక్కి పట్టండి.

వాలు

100 మీటర్లకు 10 మీటర్లు దిగే వాలు మీద, 0.1 గుణకం ఉన్న ఐస్ ఉంటే, బండి బ్రేకుతో ఆగదు. పట్టు ఎంతో, వాలు లాగేది కూడా అంతే. 100కు 5 మీటర్లు దిగే వాలు మీద ఆగే దూరం రెట్టింపు అవుతుంది. అందుకే దిగడం మొదలవక ముందే, పైన సమతలం మీదే, నడిచే వేగానికి తగ్గి రెండో గేరులోనో మొదటి గేరులోనో పడాలి. ఎక్కేటప్పుడు ముందు బండి శిఖరం దాటేదాకా కింద ఆగి, తర్వాత రెండో గేరులో ఒకే గ్యాస్‌తో ఆగకుండా ఎక్కేయండి. నాలుగు చక్రాలూ లాగే బండి ఎక్కడంలో, కదలడంలో మేలు చేస్తుంది. ఆగడంలో దానికీ మిగతావాటికీ తేడా లేదు.

ఈ పాఠానికి సాధన

స్తంభాలు, గట్లు, ఆగిన బండ్లు లేని ఖాళీ మైదానం, మంచు పట్టినది, యజమాని అనుమతితో ఎంచుకోండి. మొదట 15 కి.మీ. వేగంలో తిన్నగా పోతూ బ్రేక్ పూర్తిగా నొక్కండి. ఏబీఎస్ కొట్టుకోవడం కాలికి అలవాటయ్యేదాకా పదిసార్లు చేయండి. బ్రేక్ వేసిన చోటా ఆగిన చోటా గుర్తు పెట్టి అడుగులతో కొలవండి. తర్వాత 20లో అదే చేసి, దూరం ఎంత పెరిగిందో చూడండి. ఆ పైన 20లో గ్యాస్ వదిలి స్టీరింగ్ చురుగ్గా తిప్పండి. ముందు చక్రాలు జారగానే తిప్పింది తగ్గించి, పట్టు తిరిగి వచ్చే క్షణాన్ని చేతులతో పట్టుకోండి. వరసగా ఐదుసార్లు పట్టుకోగలిగితే 4వ పాఠానికి రావచ్చు. అందులో మంచులో కూరుకుపోయిన బండిని తీయడం, ఇంజిన్ నడుపుతూ లోపల కూర్చోవాల్సి వస్తే సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు ఎందుకు తవ్వేయాలో చూద్దాం.