ఐరన్ మాత్రలో ఐరన్ ఎంతుందో పర్మాంగనేట్‌తో చూడ్డం

మా పర్లాకిమిడిలో ప్లస్ టూ పిల్లలకి మోర్ సాల్ట్ (ఫెర్రస్ ఐరన్ ఉన్న లవణం) టైట్రేషన్, అంటే పర్మాంగనేట్‌ని చుక్కచుక్కగా పోసి ఎంత పట్టిందో చూసి ఐరన్ లెక్కగట్టడం, నోటికొచ్చు, కానీ బళ్లో ఇచ్చే నీలం ఐరన్ మాత్ర చేతిలో పెడితే తెల్లమొహం వేస్తారు. రెండిటికీ లెక్క ఒకటే, చిక్కంతా మాత్ర మీద కోటింగ్‌తోనే.

ముందు స్ట్రిప్ వెనక చదవండి, ఫెర్రస్ సల్ఫేట్ అయితేనే ఇది పనికొస్తుంది. ఆస్కార్బేట్, ఫ్యూమరేట్ అయితే అవి కూడా పర్మాంగనేట్‌ని తాగేసి రీడింగ్ పెంచేస్తాయి. పాలీమాల్టోజ్‌లో ఉండేది ఫెర్రిక్, అంటే ఇప్పటికే ఆక్సీకరణ చెందిన ఐరన్, పర్మాంగనేట్‌కి అది కదలదు మెదలదు.

60 మి.గ్రా. ఐరన్ ఉన్న మాత్రలు 5 తీసుకుని తడిగుడ్డతో రంగు పోయేదాకా రుద్దండి, పోకపోతే బ్లేడుతో గీకండి. మొదటిసారి నేను బద్ధకించి అలాగే వేసేశాను, ద్రావణం నీలంగా తేలింది, ఇక అందులో టైట్రేషన్ అయిపోయిందని చెప్పే లేత గులాబీ ఎక్కడ కనపడుతుంది చెప్పండి, పైగా కోటింగ్‌లో పంచదార ఉంటే అదీ పర్మాంగనేట్‌ని లాగుతుంది. అందుకే వేడి చెయ్యొద్దు, చల్లగానే, గబగబా కానిచ్చేయాలి.

మాత్రల్ని నూరి 100 ఎంఎల్ 1 మోలార్ (లీటరుకి ఒక మోల్) సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కలిపి, కరగని పిండి వడకట్టి, ఫిల్టర్ పేపర్‌ని కూడా కడిగి అందులోనే పోసి, కాచి చల్లార్చిన నీళ్లతో 250 ఎంఎల్ చెయ్యండి. హెచ్‌సీఎల్ వద్దు, పర్మాంగనేట్ క్లోరైడ్‌ని కూడా పట్టుకుంటుంది. నైట్రిక్ అయితే ఐరన్‌నే ఫెర్రిక్ చేసేస్తుంది.

ఇందులోంచి 25 ఎంఎల్ పిపెట్‌తో (కొలిచి తీసే గొట్టం) తీసి, ఇంకో 20 ఎంఎల్ అదే సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి, బ్యూరెట్‌లో (కింద కుళాయి ఉన్న కొలగొట్టం) 0.005 మోలార్ పర్మాంగనేట్‌తో టైట్రేట్ చెయ్యండి, దాన్ని అంతకుముందే ఆగ్జాలిక్ యాసిడ్‌తో స్టాండర్డైజ్ చేసుకుని, అంటే కచ్చితమైన గాఢత తేల్చుకుని ఉండాలి. రంగు ముదురు కాబట్టి రీడింగ్ మెనిస్కస్ (ద్రావణం పైన కనపడే వంపు) పై అంచు దగ్గర చూడాలి. లేత గులాబీ 30 సెకన్లు నిలిస్తే ఆపేయండి, తర్వాత వెలిసిపోయినా పట్టించుకోకండి. గోధుమరంగు మడ్డి వస్తే యాసిడ్ తక్కువైందన్నమాట.

ఈ పర్మాంగనేట్ 1 ఎంఎల్‌కి 1.396 మి.గ్రా. ఐరన్. 20.8 ఎంఎల్ వచ్చిందనుకోండి, 29.04 మి.గ్రా., 250లోంచి 25 ఎంఎలే తీశాం కాబట్టి పదింతలు చేసి, 5 మాత్రలు కాబట్టి 5తో భాగిస్తే మాత్రకి 58.1 మి.గ్రా. లేబుల్ మీద ఎలిమెంటల్ ఐరన్ (ఉత్త ఐరన్ బరువు) అన్న అంకెతోనే పోల్చండి, సల్ఫేట్ బరువుతో కాదు, నీళ్లున్న ఫెర్రస్ సల్ఫేట్‌లో ఐరన్ ఐదో వంతే.

బ్యూరెట్‌కి పట్టిన గోధుమ మరక సబ్బుతో పోదు, గోరువెచ్చని ఆగ్జాలిక్ యాసిడ్‌లో చుక్క సల్ఫ్యూరిక్ వేసి తిప్పితే పోతుంది.