మా పాప టీటీజీ ఎందుకు దిగలేదంటే

పాపకి సీలియాక్ (గోధుమల్లాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) అని తేలాక గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమియా అన్నీ ఇంట్లోంచి పోయాయి. కడుపునొప్పి తగ్గింది, బరువూ పెరిగింది. కానీ ఫాలోఅప్ రక్తపరీక్షలో టీటీజీ ఐజీఏ (సీలియాక్ ఉన్నవాళ్లు గ్లూటెన్ తింటే రక్తంలో పెరిగే యాంటీబాడీ) కొంత దిగి అక్కడే ఆగింది. ఇక టెన్షన్!

రిపోర్టులు రెండూ వేర్వేరు ల్యాబులవి. కిట్‌ని బట్టి యూనిట్లూ, నార్మల్ హద్దూ మారతాయి కాబట్టి ఆ అంకెలను నేరుగా పోల్చలేమన్నారు డాక్టరుగారు. మొదటి ల్యాబులోనే మళ్లీ చేయించాం. అప్పుడూ ఎక్కువే.

డైటీషియన్ మొదట అడిగింది ఇంగువ గురించి! పొడి ఇంగువలో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, ఎవరు చదువుతారు? మా ఇంట్లో చారు, పులిహోర, పచ్చళ్లు, అప్పడాలు, దేనికైనా అదే. బియ్యప్పిండి కలిపిన ఇంగువకి మారాం. మరలో గోధుమలు ఆడించాక మన బియ్యం పోసినా పిండి కలుస్తుంది కదా, అందుకే బియ్యప్పిండి ఇప్పుడు మిక్సీలోనే. మన దేశంలో గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే అందులో గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు; కొనేవి ఆ గుర్తు చూసే కొంటున్నాం.

తర్వాతి పరీక్షలో టీటీజీ బాగా దిగింది. పూర్తిగా నార్మల్ కావడానికి కొందరు పిల్లలకి ఏడాది, రెండేళ్లు కూడా పడుతుందట. అప్పుడప్పుడూ కొంచెం గ్లూటెన్ తిన్నా ఈ పరీక్షలో కనపడకపోవచ్చు, అందుకని నార్మల్ వచ్చినా డబ్బాలు చదవడం మానొద్దన్నారు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది), విటమిన్ డి, థైరాయిడ్ కూడా అదే రోజు చేయిస్తున్నాం, పాపకి ఒక్క సూదితో అయిపోతుంది.