ఇంటి పెరట్లో స్విమ్మింగ్ పూల్: దరఖాస్తు ఎలా, ఆగేది ఎక్కడ

సొంత ఇంటి పెరట్లో ఇంట్లోవాళ్ల కోసం కట్టుకునే పూల్‌కు "స్విమ్మింగ్ పూల్ లైసెన్స్" అని విడిగా ఒక దరఖాస్తు ఉండదు. తిరుపతిలో మా బావ దగ్గర ఒక మధ్యవర్తి ఆ పేరు చెప్పి 18 వేలు తీసుకున్నాడు. రసీదు అడిగితే "ఆఫీసు పని సామీ, దీనికి రసీదులుండవు" అన్నాడట. నాలుగు నెలలు తిరిగాక తేలిందేమిటంటే, అతను పెట్టించింది మామూలు బిల్డింగ్ ప్లాన్ దరఖాస్తే. అదీ ఒక తప్పు కొలత దగ్గర ఆగిపోయి ఉంది. ఆ కొలత గురించే ఇక్కడ ఎక్కువ చెప్తాను, మిగతావి తొందరగా దాటేద్దాం.

అసలు మీకు దరఖాస్తు అవసరమా అన్నది మొదట చూసుకోండి. ఇనుప గొట్టాల ఫ్రేమ్‌కు ప్లాస్టిక్ షీటు తొడిగి నేలమీద నిలబెట్టే పూల్ అయితే అది కట్టడం కాదు. సీజన్ అయ్యాక విప్పి అటకెక్కించవచ్చు, ప్లాన్ గొడవ లేదు. కాకపోతే బరువు మరిచిపోకండి. 12 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తున్న గుండ్రటి పూల్‌లో మామూలుగా నింపితే సుమారు 6,500 లీటర్లు పడతాయి, అంటే ఆరున్నర టన్నులు. దాన్ని మేడ మీదో, సెప్టిక్ ట్యాంకు మూత మీదో పెట్టకూడదు. పెరట్లో రాళ్లు, వేర్లు ఏరేసి, నేల మట్టం చేసి, పల్చగా ఇసుక పరిచి పెట్టుకోండి. మట్టం ఒక వైపు రెండంగుళాలు తగ్గినా నీళ్లు అటే ఒరిగి ఫ్రేమ్ వంగుతుంది.

గుంత తవ్వి, కాంక్రీటు పోసి, టైల్స్ వేసే పూల్ అయితే అది శాశ్వత కట్టడం. ప్లాన్‌లో చూపించాలి. ఇల్లు ఇప్పటికే ఉంటే సవరించిన ప్లాన్ కింద వెళ్తుంది. కార్పొరేషన్ హద్దులో ఉంటే టౌన్ ప్లానింగ్ విభాగం చూస్తుంది. ఊరి బయట పంచాయతీ అయితే ఆ పంచాయతీయో, పైనున్న పట్టణాభివృద్ధి సంస్థో (తిరుపతి చుట్టుపక్కల తుడా, చిత్తూరు వైపు చుడా) చూస్తాయి. ఎవరు చూసినా దరఖాస్తు మాత్రం ఆన్‌లైన్‌లో, ఏపీడీపీఎంఎస్ అనే ఒకే పోర్టల్‌లో పెట్టాలి. మీ స్థలం ఎవరి పరిధిలో ఉందో తెలియకపోతే ఇంటిపన్ను రసీదు మీద చూడండి, పన్ను ఎవరికి కడుతున్నారో అందులోనే ఉంటుంది.

ప్లాన్ గీసి అప్‌లోడ్ చేసేది లైసెన్స్ ఉన్న ఇంజనీరో ఆర్కిటెక్టో అయి ఉండాలి. ఆఫీసుల్లో వాళ్లను ఎల్‌టీపీ అంటారు. ఈ పనికి మీకు కావలసిన మనిషి ఆయన ఒక్కడే. ఆయన ఫీజు ఆయనకివ్వండి, సర్కారు ఫీజు పోర్టల్‌లో మీ చేత్తో మీరే కట్టండి. మధ్యలో ఇంకెవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. దరఖాస్తులో యజమాని మొబైల్ నంబర్ అన్న చోట మీ నంబరే పడాలి. మా బావ ఫైలులో అక్కడ మధ్యవర్తి నంబర్ ఉంది. ఆఫీసు వాళ్లు మూడుసార్లు షార్ట్‌ఫాల్ వేశారు, అంటే ఫలానాది సరిచేసి మళ్లీ పెట్టమని. ఆ మెసేజ్‌లన్నీ అతని ఫోన్‌కే పోయాయి. మా బావకు మాత్రం "ఫైలు పైన సంతకానికి ఉంది" అని చెప్తూ వచ్చాడు.

కాగితాలు చూస్తే కొత్తవేమీ ఉండవు. రిజిస్టర్ దస్తావేజు, దానికి ముందున్న లింకు దస్తావేజులు, ఈసీ (స్థలం మీద అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం), ఇంటిపన్ను రసీదు, ఆధార్, పాత అప్రూవ్డ్ ప్లాన్. స్థలం నాన్న పేరు మీద ఉండి ఆయన లేకపోతే, ముందు పేరు మార్పు తేల్చుకోండి. ఇంటికే ప్లాన్ లేదంటే మాత్రం కొంచెం ఆగండి. పూల్ కోసం దరఖాస్తు పెడితే ఇంటి సంగతీ బయటికొస్తుంది. అలాంటి కట్టడాల క్రమబద్ధీకరణకు ప్రభుత్వం అప్పుడప్పుడు బీపీఎస్ అనే పథకం ప్రకటిస్తుంది. ముందు అది వర్తిస్తుందేమో ఎల్‌టీపీని అడిగి, ఆ తర్వాతే పూల్ గురించి ఆలోచించండి.

ఇక కొలత సంగతి. మన వైపు పాత దస్తావేజుల్లో స్థలం అంకణాల్లో రాసి ఉంటుంది. పోర్టల్‌లో చదరపు మీటర్లలో నింపాలి. తిరుపతి, చిత్తూరు లెక్కలో అంకణం అంటే ఆరడుగులు ఇంటూ ఆరడుగులు, 36 చదరపు అడుగులు. నెల్లూరు వైపు అంకణం దీనికి రెట్టింపు, 72 చదరపు అడుగులు. ఫోన్‌లో "అంకణం ఎన్ని అడుగులు" అని వెతికితే చాలా చోట్ల 72 అనే చూపిస్తుంది. మధ్యవర్తి ఆ లెక్కే నమ్మాడు.

బావ దస్తావేజు 1990ల నాటిది. నీలం సిరా కొంచెం చెదిరినా అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి: "తూర్పు పడమర 36 అడుగులు, ఉత్తర దక్షిణాలు 66 అడుగులు, వెరసి 66 అంకణములు". 36ను 66తో హెచ్చిస్తే 2,376 చదరపు అడుగులు. దాన్ని 36తో భాగిస్తే సరిగ్గా 66 అంకణాలు. అంటే దస్తావేజు లెక్క దానికదే సరిపోయింది. చదరపు మీటర్లలో 220.7. దరఖాస్తులో మాత్రం 441.5 అని ఉంది. ఆఫీసులో ఫైలు చూసేవాళ్లకు ఇది ఎలా కనిపిస్తుందో ఊహించండి, కాగితంలో ఉన్న స్థలానికి రెట్టింపు చూపించి అనుమతి అడుగుతున్నట్టుంది. షార్ట్‌ఫాల్ వేయక ఏం చేస్తారు?

మీ దస్తావేజులో కూడా ఇదే పరీక్ష చేయండి. పొడవు వెడల్పులు ఇచ్చి ఉంటే హెచ్చించి, వచ్చినదాన్ని రాసి ఉన్న అంకణాలతో భాగించండి. 36 దగ్గర వస్తే మన అంకణం. సెంట్లలో రాసి ఉంటే ఇంకా తేలిక: సెంటు 435.6 చదరపు అడుగులు, అంటే 12.1 అంకణాలు, 40.47 చదరపు మీటర్లు.

ఇది కాగితం మీది కొలత. నేలమీది కొలత వేరే ఉంటుంది, దరఖాస్తులో రెండూ అడుగుతారు. ఒక ఆదివారం టేపు పట్టుకుని నేనూ బావా కొలిచాం. ముందు వైపు 36 అడుగులు సరిగ్గా వచ్చింది. వెనక, పూల్ అనుకున్న చోట, 35 అడుగుల 3 అంగుళాలే. పక్కింటి ప్రహరీ తొమ్మిది అంగుళాలు ఇటు జరిగి ఉంది. బావకు అప్పటికప్పుడు వాళ్ల తలుపు కొట్టాలనిపించింది. నేనే ఆపాను. తొమ్మిది అంగుళాల కోసం ఇరవై ఏళ్ల ఇరుగుపొరుగు ఎందుకు? నేలమీద తక్కువుంటే తక్కువే చూపించండి. బావ స్థలం అలా 218.4 చదరపు మీటర్లకు వచ్చింది. కాగితం కొలత, నేల కొలత రెండింట్లో ఏది చిన్నదైతే దాని మీద ప్లాన్ గీయిస్తే ఫైలు కదులుతుంది. నాలుగు పక్కలూ సమానంగా లేని స్థలమైతే మూలకు మూల కూడా కొలవమనండి. ఎదురెదురు పక్కల సగటు తీసి హెచ్చించే పాత పద్ధతి వంకర స్థలాలకు తప్పు చూపిస్తుంది.

దీనికి తలకిందుల కేసు ఇంకా ఇబ్బంది. కాగితంలో తక్కువుండి, ప్రహరీ లోపల ఎక్కువుంటే, ఆ ఎక్కువ ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. పక్కన బండిబాటో, వంక పోరంబోకో ఉంటే అది మీది కాదు, దాన్లో పూల్ గీయించొద్దు. హద్దు తేలకపోతే మీసేవలో ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టి సర్వేయర్‌తో కొలిపించుకోండి. దస్తావేజులో హద్దులే తప్పు పడి ఉంటే సవరణ దస్తావేజు కావాలి. దానికి అమ్మినవాళ్లో వాళ్ల వారసులో వచ్చి సంతకం పెట్టాలి. అది నెలల పని అవుతుందని తెలిసే మధ్యవర్తులు ఆ ఊసెత్తరు.

కొలత సరిపోతే టెన్షన్ సగం తీరినట్టే. ఇక పూల్ ఎక్కడ పెట్టాలన్నది మిగులుతుంది. వాస్తు చూసేవాళ్లు నీళ్లు ఈశాన్యంలోనే ఉండాలంటారు, అక్కడేమో సెట్‌బ్యాక్ (హద్దు వెంట ఖాళీగా వదలాల్సిన జాగా) ఉంటుంది. వాస్తు పండితుడికి, ఎల్‌టీపీకి ఇద్దరికీ ఒకే కాగితం చూపించి, ఇద్దరూ ఒప్పుకున్న చోటు గీయించుకోవడం మేలు. ప్లాన్‌లో సెప్టిక్ ట్యాంకు, సంపు, ఇంకుడు గుంత ఎక్కడున్నాయో కూడా పెట్టించండి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు అడిగేవి అవే.

పెరట్లో చెట్టుంటే గుంత తవ్వేముందే ఆలోచించండి. నీరు, భూమి, చెట్ల రక్షణకు వచ్చిన వాల్టా చట్టం, 2002 ప్రకారం సొంత స్థలంలో అయినా చెట్టు కొట్టడానికి ముందస్తు అనుమతి కావాలి. అందం కోసం ఎర్రచందనం నాటుకున్న ఇళ్లు మన వైపు ఉన్నాయి. ఆ చెట్టు అడ్డమొస్తే అటవీ శాఖ అనుమతి లేకుండా కొమ్మ కూడా ముట్టొద్దు. పూల్‌నే రెండడుగులు జరపండి, అదే చవక. వేపచెట్టు నీడ బాగుంటుంది గానీ, పూత కాలంలో నీళ్లలో రాలినదాన్ని రోజూ జల్లెడతో తీయాల్సి వస్తుంది.

నీళ్ల లెక్క కూడా వేసుకోండి. బావ ఇప్పుడు గీయించింది 16 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు. అంచుదాకా నింపితే 14,500 లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడు. దానికోసం కొత్త బోరు వేయాలనుకుంటే మళ్లీ వాల్టానే. ప్రజల తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా బోరు వేయకూడదు. తాగునీటి చేతిపంపుకు మినహాయింపు ఉందని, "తాగడానికని రాసేద్దాం సార్" అనేవాళ్లు వస్తారు. సంతకం మీది, అబద్ధం మీ పేరు మీద ఉంటుంది. పూల్ నీళ్లను ప్రతి వేసవీ పారబోయక్కర్లేదు, పంపు, ఫిల్టరు సరిగ్గా ఉండి, నీటి పీహెచ్ (ఆమ్లం, క్షారం ఎంతుందో చెప్పే అంకె) 7.2 నుంచి 7.8 మధ్య చూసుకుంటే అవే నీళ్లు చాలాకాలం వాడుకోవచ్చు. మొక్కలకు వదలాలంటే క్లోరిన్ వేయడం ఆపి కొన్ని రోజులు ఎండకు వదిలేసి అప్పుడు పోయండి.

పంపు మోటారుకు లోడు చాలకపోతే కరెంటు సంస్థ ఎస్‌పీడీసీఎల్‌కు అదనపు లోడు దరఖాస్తు పెట్టండి, ఇది కాగితం పని చిన్నదే. కాగితంలో ఎవరూ అడగనిది ఒకటుంది: ఆ లైనుకు 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ అనే బ్రేకరు. కరెంటు లీకైతే క్షణంలో ఆపేస్తుంది. పూల్ చుట్టూ నాలుగడుగుల కంచె, దానంతటదే మూసుకునే గేటు కూడా ఎవరూ అడగరు. మా అక్క మాత్రం మనవరాలి కోసం గుంతకన్నా ముందు కంచె కావాలని కూర్చుంది. ఆవిడ మాటే నెగ్గింది.

బావ దరఖాస్తు కొత్త ఎల్‌టీపీ ద్వారా, సరైన కొలతతో, బావ సొంత నంబరుతో మళ్లీ పెట్టాం. ఈసారి వచ్చిన షార్ట్‌ఫాల్ ఒక్కటే: పాత ఈసీ గడువు గురించి. కొత్తది తీసి పెడితే అనుమతి వచ్చింది. గుంత మాత్రం ఇంకా తవ్వలేదు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెద్ద వానలు, 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో చూశాం. ఆ రోజుల్లో తవ్వితే గుంత గోడలు కూలతాయి, భూమిలో నీరు పైకొస్తే ఖాళీ కాంక్రీటు తొట్టి పగుళ్లిస్తుంది. సంక్రాంతి దాటాక మేస్త్రీని పిలుస్తానంటున్నాడు.