పిల్లవాడు కుదురుగా కూర్చోవడం లేదని బడి నుంచి కబురు వస్తే

బెంగళూరులో మారతహళ్ళి వైపు కాపురముంటున్న తెలుగు తల్లిదండ్రులు, యూకేజీ పిల్లవాడి డైరీలో "కుదురుగా కూర్చోడు, చెప్పింది వినడు" అన్న మాట చూడగానే మొదట చేయవలసినది, అందులోని రెండు ఫిర్యాదులను విడదీసి చూడడం. అల్లరి వేరు, ధ్యాస నిలవకపోవడం వేరు. అమెరికా, కెనడా, బ్రిటన్ పిల్లలపై జరిగిన ఆరు దీర్ఘకాలిక అధ్యయనాల సమాచారాన్ని పరిశోధకుడు గ్రెగ్ డంకన్ బృందం పరిశీలించి 2007లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, బడిలో చేరేనాటి లెక్కల పరిజ్ఞానం తరువాతి చదువును అన్నిటికన్నా బాగా సూచించింది. దాని వెనుక అక్షర పరిజ్ఞానం, ఆపై ధ్యాస నిలిచాయి. అల్లరికి, పేచీకి మాత్రం చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. మన ఇళ్ళలో భయపడే వరుస సరిగ్గా దీనికి తలకిందులు.

కనుక రెండు వారాలపాటు ఒక నోటుపుస్తకంలో, ఏ పనిలో ఎంతసేపు నిలిచాడో, దేని దగ్గర లేచిపోయాడో, అంతకుముందు ఏం జరిగిందో రాయాలి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, తరగతిలో ఇంగ్లీషు వినే పిల్లవాడు అర్థంకాక దిక్కులు చూసినా అది ధ్యాసలేమిగానే కనిపిస్తుంది. టీచరు చెప్పిన పనినే తెలుగులో చెప్పి చూస్తే తేడా తెలుస్తుంది. తరచూ జలుబు చేసే పిల్లలకు కర్ణభేరి వెనుక నీరు చేరి వినికిడి మందగించవచ్చు కాబట్టి చెవి పరీక్ష తప్పనిసరి. తరగతిలో అందరికన్నా చిన్నవాడేమో కూడా చూడాలి, ఎందుకంటే వయసుకు తగిన చపలత్వానికే జబ్బు పేరు పడిన సందర్భాలు తక్కువేమీ కావు.

ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చపలత్వం ఉండే రుగ్మత) అని నిర్ధారించాలంటే లక్షణాలు ఇంట్లోనూ బడిలోనూ, కనీసం 6 నెలలుగా కనిపించాలి. అలా కనిపిస్తే ఆ నోటుపుస్తకంతో హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ (జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ) పిల్లల మానసిక వైద్య విభాగానికో, మరో పిల్లల మానసిక వైద్యుని వద్దకో వెళ్ళవచ్చు. ఆరేళ్ళలోపు పిల్లలకు మందుకన్నా ముందుగా సిఫారసు చేసేది తల్లిదండ్రులకిచ్చే శిక్షణే.

ఈలోగా పనిని ఒక్కొక్కటిగా, దగ్గరికి వెళ్ళి, కళ్ళలోకి చూసి చెప్పాలి. చేసిన వెంటనే మెచ్చుకోవాలి. వర్క్‌బుక్కుల కన్నా అష్టాచెమ్మా మేలు: గవ్వలు లెక్కపెట్టడం, గడులు దాటడం, తన వంతు వచ్చేదాకా ఆగడం అన్నీ అందులోనే ఉన్నాయి. మొదట పది నిమిషాలు ఆడించి, పిల్లవాడు విసుగుతో లేవకముందే ఆట ముగించాలి.